పావు సైజు హాక్ జెట్ కట్టడం ఎలా: గుంటూరులో డబ్బా విప్పిన రోజు నుంచి మొదటి ఫ్లైట్ దాకా

రేడియోతో ఎగరేసే మోడల్ జెట్ కిట్ వచ్చిన రోజు అందరం చేసే పని ఒకటే, రెక్కలు తగిలించి హాల్లో నేల మీద పెట్టి ఫోటోలు తీసుకోవడం. తీసుకోండి, తప్పేం లేదు, మూడు మీటర్ల విమానం ఇంట్లోకి వస్తే ఎవరికైనా మనసు ఆగదు. కాకపోతే ఆ ఫోటోలో ఉన్నది ఇంకా ఉత్త పెంకే. అది ఎగురుతుందా, ఎగిరి తిరిగొస్తుందా అన్నది తేల్చేవి లోపల మనం వేసే గొట్టాలు, వైర్లు, గ్లూ పెట్టిన జాయింట్లు, ఒక్కసారి హ్యాచ్ మూసేశాక ఎవరికీ కనపడని పని అంతా. నేను ఇక్కడ రాసేది ఎక్కువగా ఆ కనపడని పని గురించే. పెయింట్ గురించి, కాక్‌పిట్‌లో కూర్చోబెట్టే బొమ్మ పైలట్ల గురించి పెద్దగా చెప్పను, అది మీ ఇష్టం.

ఇంకో మాట. ఇది మొదటి మోడల్‌గా కట్టేది కాదండి. ఫోమ్ ట్రైనర్, తర్వాత పెట్రోల్ ఇంజిన్ మోడల్, తర్వాత చిన్న స్పోర్ట్ జెట్, ఇలా మెట్టు మెట్టు ఎక్కి వచ్చినవాళ్ళ కోసమే రాస్తున్నాను. ఇరవై కిలోల పైన బరువు, లోపల నాలుగున్నర లీటర్ల డీజిల్, గంటకి 200 కిలోమీటర్ల పైన స్పీడు, ఇది జనం మీద పడితే ఏమవుతుందో అన్న భయం మనసులో ఒక మూల ఎప్పుడూ ఉండాలి.

హాక్ ఎందుకు

2024 మార్చి 18న అద్దంకి దగ్గర నేషనల్ హైవే 16 మీద ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు ఎమర్జెన్సీ రన్‌వే ట్రయల్ చేశారు గుర్తుందా, సుఖోయ్-30లు, హాక్ ట్రైనర్ జెట్‌లు దిగినట్టే కిందకొచ్చి నేల తాకకుండా మళ్ళీ లేచిపోయాయి, ఏఎన్-32, డోర్నియర్ మాత్రం దిగి మళ్ళీ లేచాయి. ఆ రోజు చాలా దూరంలో పొలం గట్టు మీద నిలబడి చూశాను. సుఖోయ్ వచ్చినప్పుడు గుండెలు అదిరాయి గానీ నా కన్ను మాత్రం హాక్ మీదే ఉండిపోయింది. సూర్యకిరణ్ టీమ్ ఇప్పుడు ఎగరేసేది కూడా ఆ హాక్‌లనే, 1996లో కిరణ్ విమానాలతో మొదలైన టీమ్ అది.

ఇష్టం సంగతి అలా ఉంచితే మోడల్‌గా కూడా హాక్ మంచి ఎంపిక. ఒకటే ఇంజిన్, రెండు పక్కల నుంచి గాలి తీసుకునే నోళ్ళు, పెద్ద రెక్క, వీల్ బేస్ బావుంటుంది, అసలు విమానమే కుర్రాళ్ళకి నేర్పడానికి చేసింది కాబట్టి మోడల్ కూడా పైలట్‌ని ఇబ్బంది పెట్టదు. పావు సైజు అంటే రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి రెండున్నర మీటర్లకి దగ్గర, పొడవు మూడు మీటర్లకి దగ్గర. మీ కారులో పడుతుందా లేదా ముందే కొలుచుకోండి, నాకు తెలిసినాయన కిట్ తెప్పించాక ట్రాలీ ఆటో మాట్లాడుకోవాల్సొచ్చింది ప్రతి వారం.

ముందు కాగితం మీద లెక్క

డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం మోడల్ విమానం అనాలంటే మొత్తం బరువు 25 కిలోలు దాటకూడదు, చదువుకో పరిశోధనకో సరదాకో మాత్రమే వాడాలి, కంటికి కనపడే దూరంలోనే ఎగరేయాలి. ఈ 25 కిలోలు ఫ్యూయల్‌తో కలిపి. కాబట్టి లెక్క వెనక నుంచి మొదలుపెట్టండి. 4.5 లీటర్ల డీజిల్ సుమారు 3.7 కిలోలు. అంటే ఖాళీ విమానం 21 దాటిందంటే అంచు మీద నిలబడ్డట్టే. నేనైతే 20 దగ్గర గీత గీసుకున్నాను, ప్రతి వస్తువూ కిచెన్ త్రాసు మీద పెట్టి నోట్‌బుక్‌లో రాసి గానీ లోపల పెట్టలేదు. గ్లూ కూడా బరువే, మరిచిపోతారు చాలామంది.

టర్బైన్, అంటే మోడల్‌లో పెట్టే చిన్న జెట్ ఇంజిన్, ఎంత పెద్దది కావాలి? 180 న్యూటన్లు అంటే సుమారు 18 కిలోల తోపు. 23.7 కిలోల విమానానికి 18 కిలోలు, అంటే 0.76 నిష్పత్తి వస్తుంది. నిజం హాక్‌కి నిండు బరువులో ఇది 0.3 దగ్గరే ఉంటుంది, కాబట్టి స్కేల్‌గా ఎగరేయడానికి మనది ఎక్కువే. ఇంకో సంగతి, కంపెనీ వాళ్ళు థ్రస్ట్ లెక్కగట్టేది 15 డిగ్రీల గాలిలో. మన ఊళ్ళో మే నెలలో 42 డిగ్రీలుంటే గాలి సుమారు 9 శాతం పలచబడుతుంది, తోపూ తగ్గుతుంది, రెక్కకి లిఫ్టూ తగ్గుతుంది, టేకాఫ్ పరుగు పెరుగుతుంది. అందుకే చిన్న రన్‌వే ఉన్నవాళ్ళు 140 న్యూటన్ల టర్బైన్‌తో సరిపెట్టుకుందాం అనుకోవద్దు. జెట్‌క్యాట్, కింగ్‌టెక్, స్వివిన్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి, ఈ సైజు టర్బైన్ ఒక్కటే రెండు లక్షల పైమాట, కస్టమ్స్ అదనం.

కస్టమ్స్ అంటే గుర్తొచ్చింది. 2022 ఫిబ్రవరి 9 నుంచి తయారైన డ్రోన్‌ల దిగుమతి మీద, విడదీసిన కిట్‌ల రూపంలో వచ్చే వాటి మీద కూడా నిషేధం ఉంది, కాంపొనెంట్లకి మాత్రం అనుమతి ఉంది. మోడల్ విమానాల సామాను కూడా ఆ కళ్ళతోనే చూస్తారు. డబ్బు కట్టకముందే కస్టమ్స్ బ్రోకర్‌తో మాట్లాడి ఏ కోడ్ కింద వస్తుందో రాతలో తీసుకోండి, వచ్చాక బతిమాలుకోవడం కన్నా అది నయం. రిజిస్ట్రేషన్, పైలట్ సర్టిఫికెట్ విషయాలు కూడా ఇప్పుడే తేల్చేసుకోవాలి.

గ్లూ తెల్లవారుజామున

కిట్ ఫైబర్ గ్లాస్, కార్బన్‌తో అచ్చు పోసి వస్తుంది, బయట పెయింట్ కూడా అచ్చులోనే అయిపోయి వస్తుంది. మనం లోపల ప్లైవుడ్ ఫ్రేములు, టర్బైన్ పట్టాలు, సర్వో (రేడియో చెప్పినట్టు రెక్క ముక్కల్ని కదిపే చిన్న మోటారు) బల్లలు, కంట్రోల్ హార్న్‌లు (ఆ ముక్కలకి లింకు తగిలించే కొమ్ములు) అతికించాలి. అతికే ముందు రెండు వైపులా 80 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దండి, మెరుపు ఉందంటే అక్కడ గ్లూ పట్టదని అర్థం. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, తుడిచిన చోట మళ్ళీ చెయ్యి పెట్టకండి, మన చేతి చెమట చాలు జాయింట్ ఊడిపోవడానికి.

స్ట్రక్చర్ జాయింట్లన్నిటికీ హైసాల్ 9462 లాంటి గట్టి ఎపాక్సీ వాడాలి, ఐదు నిమిషాల ఎపాక్సీ తాత్కాలికంగా నిలబెట్టడానికి తప్ప దేనికీ వద్దు, వేడికి మెత్తబడిపోతుంది అది. మన దగ్గర ఇంకో చిక్కుంది. ఎండాకాలం మధ్యాహ్నం కలిపితే డబ్బా మీద రాసిన టైములో సగంలోనే చేతిలో గడ్డకట్టేస్తుంది, కప్పులో ముద్దగా ఉంచితే ఇంకా తొందరగా. వానాకాలం అయితే తేమకి పైన జిడ్డు పొర లాగా కడుతుంది, దాన్ని గోరువెచ్చటి నీళ్ళతో కడిగి రుద్దకుండా పైన ఇంకో పొర వేస్తే ఆ రెండో పొర పట్టదు. నేను తెల్లారుజామున నాలుగున్నరకి లేచి, పాలవాడు వచ్చేలోపు ఒక జాయింట్, ఇలా రోజుకొక్కటి చొప్పున చేసుకుంటూ పోయాను, రెండు నెలలు పట్టింది, ఒక్కటీ ఊడలేదు.

ప్రతిసారి కలిపిన గ్లూలో కొంచెం ఒక కార్డ్‌బోర్డ్ ముక్క మీద రాసి తేదీ వేసి పక్కన పెట్టండి. మర్నాడు గోరుతో నొక్కితే దిగబడిందంటే ఆ జాయింట్ కూడా అంతే, మొహమాటం లేకుండా తీసేసి మళ్ళీ చేయండి.

టర్బైన్ కూర్చోబెట్టడం, పొగగొట్టం

టర్బైన్ పట్టాలకి ఎం4 బోల్టులు, కింద బ్లైండ్ నట్లు. ఇనుముకి ఇనుము తగిలే ప్రతిచోటా లాక్‌టైట్ 243 ఒక చుక్క. ప్లాస్టిక్ దగ్గర మాత్రం అది వద్దు, పగుళ్ళిస్తుంది.

టెయిల్ పైప్ స్టెయిన్‌లెస్ స్టీల్‌ది, రెండు గోడలతో ఉంటుంది. దాని ముందు మూతి గరాటా లాగా విచ్చుకుని ఉంటుంది చూడండి, టర్బైన్ వెనక కొనకీ ఆ గరాటాకీ మధ్య మాన్యువల్ చెప్పిన ఖాళీ ఉండాలి, మామూలుగా 20 నుంచి 30 మి.మీ. ఆ ఖాళీ ఎందుకో అర్థమైతే తప్పు చేయరు. వేడి గాలి గరాటాలోకి దూసుకుపోతూ చుట్టూ ఉన్న చల్లగాలిని కూడా లాక్కుపోతుంది, ఆ చల్లగాలే రెండు గోడల మధ్య నుంచి పారి ఫ్యూజ్‌లాజ్‌ని (విమానం మొండాన్ని) కాపాడుతుంది. లోపల 500 నుంచి 700 డిగ్రీల వేడి, దానికి అంగుళం అవతల ఎపాక్సీ, మధ్యలో ఉన్నది ఆ గాలే. టర్బైన్ మరీ లోపలికి తోసేస్తే గాలి లాగడం ఆగిపోతుంది, పక్కకి వంకరగా కూర్చుంటే పైప్ ఒక పక్క కాలి నల్లబడుతుంది.

పైప్ వెనక కొనని పట్టుకునే రింగు కిట్‌తో వచ్చింది నాకు వదులుగా ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో లేతు పని చేసే మేస్త్రి దగ్గరకి తీసుకెళ్తే ఆయన పైపుని చేత్తో తిప్పి చూసి "ఏ బండిదండీ ఇది, సైలెన్సరు ఇంత పల్చగా ఉందేంటి" అన్నాడు. విమానంది అని చెప్పి ఫోన్‌లో వీడియో చూపించాక డబ్బులు సంగతి పక్కనపెట్టి పావుగంటలో స్టీల్ రింగు తిప్పి, అంచులు గరుకు లేకుండా తుడిచి ఇచ్చాడు. పైప్ వేడెక్కితే పొడవు సాగుతుంది కాబట్టి ముందు వైపే బిగించి వెనక వైపు రింగులో జారేలా వదలమని నేను చెప్పకముందే ఆయనే చెప్పాడు, ఆ చేతికి అలవాటు అలాంటిది.

ఫ్యూయల్ లైను, ఇక్కడ తొందరపడొద్దు

ఈ మొత్తంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి. టర్బైన్‌లోకి గాలి బుడగ వెళ్తే మంట ఆరిపోతుంది. మంట ఆరితే ఆకాశంలో మళ్ళీ వెలుగుతుందని నమ్మకం పెట్టుకోవద్దు, విమానం గ్లైడర్ అయిపోయినట్టే.

వరస ఇలా ఉంటుంది: బయట వెంట్, పెద్ద ట్యాంక్, దాని నుంచి చిన్న ఎయిర్ ట్రాప్ ట్యాంక్, అక్కడి నుంచి పంపు, ఫిల్టరు, సోలినాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకుని మూసుకునేది), టర్బైన్. పెద్ద ట్యాంక్ సీజీ (విమానం బరువు సమతూకంగా నిలిచే చోటు) దగ్గర ఉండాలి, ఫ్యూయల్ ఖర్చయ్యే కొద్దీ విమానం ముక్కు పైకో కిందకో వాలకుండా. ఎయిర్ ట్రాప్‌లో ఫెల్ట్ తొడుగు ఉన్న క్లంక్ (ట్యాంక్ లోపల గొట్టం కొనకి ఉండే బరువు) ఉంటుంది, ఆ ఫెల్ట్ డీజిల్‌ని పీల్చుకుని గాలిని ఆపుతుంది. ఆ చిన్న ట్యాంక్ ఎప్పుడూ నిండుగా కనపడాలి, అందుకే దాన్ని హ్యాచ్ తీయగానే కంటికి కనపడేచోట పెట్టండి, సామాన్ల కింద దూర్చేయొద్దు.

ఇప్పుడు అసలు కిటుకు. పంపుకి తర్వాత ఉన్న గొట్టంలో చిల్లు పడితే డీజిల్ కారుతుంది, వాసనొస్తుంది, తెలిసిపోతుంది. పంపుకి ముందు ఉన్న గొట్టంలో చిల్లు పడితే ఏమీ కారదు. పంపు లాగుతూ ఉంటుంది కదా, ఆ చిల్లులోంచి గాలి లోపలికి పోతుంది. బయట అంతా పొడిగా, శుభ్రంగా ఉంటుంది. నా స్పోర్ట్ జెట్ అలాగే పోయింది. జనవరిలో ఒక ఆదివారం తెనాలి అవతల ఎగరేస్తుంటే రన్‌వేకి సమాంతరంగా వెళ్తున్న టైములో ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది, ఆ నిశ్శబ్దం వింటే కడుపులో దేవినట్టు అవుతుంది, ముక్కు కిందకి వంచి స్పీడు కాపాడుకుంటూ మినుము చేలో దింపాను, ముందు చక్రం కాలు విరిగింది, ముక్కు పగిలింది. రైతుకి నష్టం కట్టి విమానం ఇంటికి తెచ్చి విప్పితే ట్యాంక్‌లో లీటరున్నర మిగిలే ఉంది. గొట్టాన్ని ముక్క ముక్కగా బల్బు వెలుతురులో వంచుతూ చూస్తే ప్లైవుడ్ ఫ్రేము అంచుకి ఒరుసుకున్న చోట వెంట్రుకవాసి చీలిక, వంచితేనే నోరు తెరుస్తోంది, నిటారుగా పెడితే మూసుకుపోతోంది. ఆ ముక్క ఇప్పటికీ నా పనిబల్ల మీద మేకుకి తగిలించి ఉంది.

కాబట్టి గొట్టం ఫ్రేములోంచి వెళ్ళే ప్రతి కన్నానికీ రబ్బరు గ్రోమెట్ వేయండి, లేదా పాత గొట్టం ముక్క చీల్చి అంచుకి తొడగండి. గొట్టం కోసేటప్పుడు కొత్త బ్లేడుతో నిటారుగా ఒకే కోత, కత్తెర వాడితే చివర నలిగి అండాకారం అవుతుంది, క్విక్ ఫిట్టింగ్‌లో సరిగ్గా కూర్చోదు. బార్బ్ (గొట్టం ఎక్కించే గాట్ల మూతి) ఉన్న ప్రతి చోటా సన్న స్టీల్ తీగతో రెండు చుట్లు చుట్టి మెలిపెట్టండి. లాగే వైపు గొట్టం లోపలి వ్యాసం పెద్దది వాడండి, 4 మి.మీ.కి తగ్గొద్దు, ఇరుకైతే పంపు ఎక్కువ లాగాల్సి వచ్చి బుడగలు దానంతటవే పుడతాయి.

అంతా అయ్యాక టెస్టు. ట్యాంక్ ఫ్యూజ్‌లాజ్‌లో పెట్టకముందే అన్ని నోళ్ళూ మూసి ఒక గొట్టంలో మెల్లగా నోటితో ఊది బకెట్ నీళ్ళలో ముంచండి, సైకిల్ ట్యూబ్ పంక్చర్ చూసినట్టు. ఎక్కువ ఊదొద్దు, ట్యాంక్ అతుకులు విడతాయి. పెట్టాక పంపుని ఈసీయూ (టర్బైన్‌ని నడిపే కంట్రోలర్) టెస్ట్ మోడ్‌లో తిప్పి, టర్బైన్ దగ్గర గొట్టం ఊడదీసి బాటిల్‌లోకి పంపిస్తూ పంపు వెనక స్పష్టంగా కనపడే గొట్టం కింద తెల్ల కాగితం పెట్టి చూడండి. మొదట్లో బియ్యపు గింజంత బుడగలు వరసగా వస్తాయి, అర లీటరు పోయేసరికి ఒక్కటీ రాకూడదు. అప్పటికీ పది సెకన్లకొకటి వస్తోందంటే ఎక్కడో గాలి దూరుతోంది, దొరికేదాకా వదలొద్దు. టైగాన్ (ఫ్యూయల్‌కి వాడే మెత్తటి ప్లాస్టిక్) గొట్టాలు డీజిల్‌లో నాని కొన్నాళ్ళకి గట్టిపడిపోతాయి, ఏడాదికొకసారి బాగున్నా మార్చేయండి.

సర్వోలు, లింకులు

హాక్ వెనక రెక్క మొత్తం కదిలే రకం, చివర ముక్క మాత్రమే కాదు. దాని మీద పడే లోడు ఎక్కువ, అక్కడ 35 నుంచి 40 కిలోల టార్క్ ఉన్న మెటల్ గేర్ సర్వోలు పెట్టండి, ఎయిలరాన్ (విమానాన్ని పక్కకి వాల్చే ముక్క), ఫ్లాప్ (మెల్లగా ఎగరేటప్పుడు దించే ముక్క), రడ్డర్‌కి (తోక మీది నిలువు ముక్కకి) 25 కిలోలు చాలు. సర్వో ఆర్మ్‌లు అల్యూమినియంవి, లింకులు ఎం3 స్టీల్, బాల్ జాయింట్‌కి రెండు పక్కలా సపోర్ట్ ఉండాలి.

బిగించాక పవర్ ఆన్ చేసి వెనక రెక్క అంచు రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా ఊపి చూడండి. టక్కు టక్కుమని ఆట తగిలితే అది ఎక్కడుందో వెతకాలి, సర్వో గేర్‌లోనా, ఆర్మ్ స్ప్లైన్‌లోనా, బేరింగ్‌లోనా. గంటకి 200 కిలోమీటర్ల స్పీడులో ఆ చిన్న ఆటే ఫ్లట్టర్ (గాలికి రెక్క ఆగకుండా కొట్టుకోవడం) అయ్యి సెకనులో రెక్క ఊడబెరుకుతుంది. ఈ ఒక్కచోట సర్దుకుపోవడం అనేది పెట్టుకోకండి.

ల్యాండింగ్ గేర్ ఈ రోజుల్లో ఎలక్ట్రిక్‌వే మంచివి, గాలి సిలిండర్ల గోల పోయింది. మాన్యువల్ ప్రకారం బిగించి యాభై సార్లు పైకీ కిందకీ ఆడించండి, తలుపులు ఒరుసుకోకుండా. వీల్ బ్రేకులు రెండు వైపులా ఒకేలా పట్టుకోవాలి, లేకపోతే దిగగానే పక్కకి తిప్పేస్తుంది.

కరెంటు, రేడియో

రెండు బ్యాటరీలు, రెండు స్విచ్‌లు, రెండు రిసీవర్లు, మధ్యలో పవర్‌బాక్స్ లాంటి డిస్ట్రిబ్యూటర్. ఏ ఒక్కటి చచ్చిపోయినా రెండోది ఒక్కటే విమానాన్ని ఇంటికి తేగలగాలి. ఇది కాగితం మీద కాదు, బల్ల మీద తేల్చుకోండి: అన్ని సర్వోలూ ఆడిస్తూ ఒక బ్యాటరీ పీకేయండి, తర్వాత అది పెట్టి రెండోది పీకండి. టర్బైన్ ఈసీయూకి విడిగా ఇంకో బ్యాటరీ, దాన్ని రేడియో బ్యాటరీలతో కలపొద్దు.

కార్బన్ ఫైబర్ 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని అడ్డుకుంటుంది. యాంటెన్నాలు కార్బన్ లేనిచోట, ఒకదానికొకటి 90 డిగ్రీల కోణంలో, టర్బైన్ పంపు వైర్లకి దూరంగా. వైర్లు గాలిలో వేలాడకుండా ప్రతి 10 సెంటీమీటర్లకీ కట్టాలి, ప్రతి కనెక్టర్‌కీ క్లిప్పు.

ఫెయిల్‌సేఫ్ మర్చిపోవద్దు. సిగ్నల్ పోతే టర్బైన్ ఐడిల్‌కి కాదు, పూర్తిగా ఆఫ్ అవ్వాలి. ట్రాన్స్‌మిటర్ ఆపి ఈసీయూ స్క్రీన్ మీద ఆఫ్ సిగ్నల్ వచ్చిందో లేదో కళ్ళతో చూడండి.

సీజీ చూసేది పెద్ద ట్యాంక్ ఖాళీగా, ఎయిర్ ట్రాప్ నిండుగా, చక్రాలు దించి, మాన్యువల్ చెప్పిన మిల్లీమీటర్ దగ్గర. ముక్కు తేలికైతే సీసం వేసే ముందు బ్యాటరీలు ముందుకు జరపండి. మొదటి ఫ్లైట్‌కి ఇచ్చిన రేంజ్‌లో ముందు వైపు అంచు మంచిది, వెనక బరువుతో లేచిన జెట్‌ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

మొదటి స్టార్ట్

ఈసీయూ మాన్యువల్‌లో డీజిల్ పనికొస్తుందని ఉంటే బంకు డీజిల్ చాలు, లేకపోతే కిరోసిన్. అందులో 5 శాతం టర్బైన్ ఆయిల్, అంటే 20 లీటర్ల క్యానుకి ఒక లీటరు, బేరింగ్‌లకి వేరే నూనె లేదు, ఈ ఫ్యూయల్‌లో ఉన్నదే. కలిపాక ఒక రాత్రి కదపకుండా వదిలేసి పైనుంచి ఫిల్టర్‌తో లాగండి, అడుగు రెండు వేళ్ళ మందం వదిలేయండి.

మంటలార్పే సిలిండర్ సీఓటూ ఉన్నదే తెచ్చుకోండి. పౌడర్ సిలిండర్ కొడితే మంట ఆరుతుంది గానీ ఆ పొడి బేరింగుల్లో దూరి టర్బైన్ పనికిరాకుండా పోతుంది. సిలిండర్ పట్టుకునే మనిషి పని అదొక్కటే, వీడియో తీయడం, ఫోన్ మాట్లాడటం ఏదీ ఉండకూడదు. మా బావమరిదికి ఆ డ్యూటీ, "బావా నువ్వు స్టార్ట్ అనేదాకా పిన్ తీయను, అన్నాక చూపు తిప్పను" అంటాడు, అలాంటివాళ్ళు కావాలి.

నేల ఊడ్వండి. మన గుంటూరు చుట్టుపక్కల ముఖ్యంగా పత్తి తీసే రోజుల్లో గాలిలో దూది పింజలు తేలుతుంటాయి, నేల మీద దొర్లుతుంటాయి, టర్బైన్ ముందు జాలీ లేకుండా స్టార్ట్ చేస్తే నేరుగా లోపలికే. చిన్న కంకర రాయి పోతే నిమిషానికి లక్షా పాతికవేల సార్లు తిరిగే చక్రం అది, చెప్పక్కర్లేదు. ఆ చక్రానికి సరిగ్గా పక్కన ఎవరూ నిలబడకూడదు, వెనక అసలే కూడదు.

విమానాన్ని ముక్కు గాలికి ఎదురుగా పెట్టి స్టార్ట్ ఇవ్వండి. స్టార్టర్ తిరగడం, ఇగ్నైటర్ వెలగడం, పొగ కొంచెం, తర్వాత సన్నటి ఈల, అది పెరిగి పెరిగి 33 వేల ఆర్‌పీఎం దగ్గర ఐడిల్‌లో నిలుస్తుంది. మొదటిసారి అంటుకోకపోతే రెండోసారి వెంటనే నొక్కేయొద్దు. లోపల ఫ్యూయల్ మడుగు కట్టి ఉంటుంది, ముక్కు పైకెత్తి వెనక నుంచి ఒంపేసి తుడిచి అప్పుడు మళ్ళీ. ఇది చేయకపోవడం వల్లే వెనక నుంచి నిలువెత్తు మంటలు వచ్చే వీడియోలు మీరు చూసుంటారు.

టర్బైన్ తిరుగుతుండగా రేంజ్ టెస్ట్ (రేడియో సిగ్నల్ దూరం నుంచి అందుతోందో లేదో చూడటం) చేయండి, ఫుల్ థ్రాటిల్‌లో పది సెకన్లు పెట్టి ఎయిర్ ట్రాప్ చూడండి, బుడగ లేదు కదా. ఆపాక ఈసీయూ దానంతట అదే స్టార్టర్ తిప్పి చల్లబరుస్తుంది, 100 డిగ్రీల కిందకి వచ్చేదాకా బ్యాటరీ పీకొద్దు.

ఎక్కడ, ఎలా

గన్నవరం ఎయిర్‌పోర్ట్ గోడ నుంచి 8 కిలోమీటర్ల లోపు పర్మిషన్ లేకుండా ఎగరేయకూడదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకే గ్రీన్ జోన్ (పర్మిషన్ అడగక్కర్లేని చోటు), ఆ ఎత్తు జెట్‌కి సరిపోదు. బాపట్ల వైపు సూర్యలంకలో ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది, అటు వద్దు. అమరావతి సెక్రటేరియట్ చుట్టుపక్కల కూడా ఆలోచనే పెట్టుకోకండి. ఎక్కడైనా సరే డిజిటల్ స్కై మ్యాప్ (డ్రోన్‌ల కోసం ప్రభుత్వం పెట్టిన మ్యాప్) చూసి, గ్రీన్ జోన్ అయితే 400 అడుగుల లోపు, స్థలం ఓనర్‌ని అడిగి, పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి వెళ్ళండి.

మా వాళ్ళు వాడుకునేవి ఇళ్ళు కట్టని వెంచర్లలో వేసిన సిమెంట్ రోడ్లు. 150 మీటర్లు తిన్నగా ఉండాలి, చివర్లలో కరెంటు తీగలు ఉండకూడదు, ఇది రెండుసార్లు చూడండి, ఎండలో సన్న తీగ కనపడదు. నల్లరేగడి నేల రన్‌వేగా పనికిరాదు, ఎండితే నెర్రెలు, తడిస్తే చక్రానికి కిలో మట్టి.

మొదటి ఫ్లైట్ పొద్దున్నే, ఏడు ఎనిమిది మధ్య. టైమర్ ఆరు నిమిషాలు. ఈ సైజు టర్బైన్ ఫుల్ థ్రాటిల్‌లో నిమిషానికి 550 నుంచి 600 మి.లీ. తాగుతుంది, సగటున తక్కువే గానీ లీటరు మిగిలి ఉండగానే దిగాలి. ఫ్లాప్ సగం, థ్రాటిల్ మెల్లగా, ముక్కు తేలిక అయ్యేదాకా తిన్నగా పరుగెత్తనివ్వండి, లాగి లేపొద్దు. పైకి వెళ్ళాక ట్రిమ్ చేసి (స్టిక్ వదిలినా తిన్నగా పోయేలా సర్ది), ఎత్తులో చక్రాలు ఫ్లాప్‌లు దించి మెల్లగా ఎగరేసి చూడండి, ముక్కు ఎక్కడ వాలుతుందో అక్కడే తెలుసుకోవాలి, నేలకి పది అడుగుల ఎత్తులో కాదు.

దిగేటప్పుడు టర్బైన్ ప్రొపెల్లర్ ఇంజిన్ లాగా వెంటనే స్పందించదు. ఐడిల్ నుంచి పూర్తి తోపుకి మూడు నాలుగు సెకన్లు, ఆ సెకన్లలో విమానం కిందకి పోతూనే ఉంటుంది. కాబట్టి ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగుతూ వచ్చేటప్పుడు, థ్రాటిల్ ఐడిల్‌కి లాగేయకుండా మూడో వంతు దగ్గర ఉంచి ఫ్లాప్‌లతో, ఎయిర్‌బ్రేక్‌తో స్పీడు తగ్గించుకోండి. రన్‌వే మొదట్లో ఉన్నప్పుడు అప్పుడు ఐడిల్. నచ్చకపోతే మొహమాటపడకుండా తొందరగా థ్రాటిల్ ఇచ్చి మళ్ళీ చుట్టు తిరిగి రండి, ఫ్యూయల్ దానికోసమే మిగిల్చింది.

దిగిందా, ఆపండి, చల్లబడనివ్వండి, తర్వాత చప్పట్లు. హ్యాచ్ తీసి ఎయిర్ ట్రాప్‌లో పైన ఎంత గాలి చేరిందో చూసి నోట్‌బుక్‌లో రాయండి, ఎన్ని మి.లీ. ఫ్యూయల్ పట్టిందో, రెండు బ్యాటరీలు చెరో ఎన్ని ఎంఏహెచ్ తాగాయో, పైప్ చుట్టూ ఫ్యూజ్‌లాజ్ చేత్తో తాకితే ఎంత వేడిగా ఉందో అన్నీ. రెండు బ్యాటరీల ఖర్చులో పెద్ద తేడా ఉంటే ఎక్కడో ఒక స్విచ్ గానీ వైరు గానీ సరిగ్గా పట్టడం లేదు. ఆ రోజు ఇంక రెండో ఫ్లైట్ వద్దు, ఇంటికి తెచ్చి ప్రతి బోల్టూ, ప్రతి హార్న్, ప్రతి గొట్టం కన్నం దగ్గరా టార్చి వేసి చూడండి, వచ్చే ఆదివారానికి ఫ్యూయల్ కలిపి పెట్టుకోండి.